ఎంత ఒగ్గాలి

సోంపేటలో నారాయణ బెహరా టైర్ల కొట్టు.
గాజు బల్ల మీద మూడు రకాలు పరిచి
"తేల్చుకో లోకనాథం, టీ తాగొస్తాను" అని
మనిషి వెళ్ళిపోయాడు.
అరగంటైనా రాడు. ఆయన టీ అలాంటిది.

మొదటివి నాలుగు ఇత్తడి టోపీలు,
సంచిలో చింతపిక్కల్లా గలగలమంటాయి.
వాల్వుకి బిగిస్తే చాలట:
ఎంతకని చెప్పి పెట్టామో అంతదాకా గాలి ఒగ్గి
తమంత తామే నోరు మూసుకుంటాయి.
నాలుగు చక్రాలూ ఒకేసారి.
ఈలోగా నేను ఐసు పెట్టెలు కట్టుకోవచ్చు.
వెల మాత్రం నా బండికి వారం కిరాయి.

రెండోది గడియారం మొహమున్న మర.
పిన్నుని కడుపులోకి లాక్కుని
ఏనుగు తుమ్మినట్టు గాలంతా బయటికి.
నలభై పాయింట్ల నుంచి పద్దెనిమిదికి
ఒక బీడీ కూడా కాలదు.
ముల్లు మీంచి చూపు తిప్పకుండా ఉంటే
ఇంతకంటే నిజం చెప్పే వస్తువు లేదు.

మూడోది పది రూపాయల మూత,
నడుమ చిన్న మొన. నొక్కిపట్టి లెక్కపెట్టుకోవాలి.
నన్ను చూసే పెట్టుంటాడు బెహరా.
మొలతాడుకున్న ఇంటి తాళంచెవి కొసతో
ఆరేళ్ళుగా నేను చేస్తున్న పనే అది.
రెండొందలు లెక్కపెట్టాలి.
మధ్యలో ఎవరైనా పలకరిస్తే
ఒక చక్రం ఎక్కువ, ఒక చక్రం తక్కువ,
బండి కుంటి మేకలా ఇసక దాటేది.

గడియారం మర మీదికే చెయ్యి వెళ్ళింది.
వెళ్ళి ఆగింది.

పోయిన కార్తీకంలో
విశాఖ నుంచి జీపులేసుకుని సరదాకొచ్చిన కుర్రాళ్ళు
అలాంటిదే ఒకటి అరువిచ్చారు.
బారువ దాటాక, సరుగుడు తోట వెనక,
అప్పుడప్పుడే పడవలు ఒడ్డెక్కుతున్నాయి.
మా క్లీనరు తవుడు దాన్ని కొంచెం తిప్పబోయి
పూర్తిగా విప్పేశాడు.
పిన్ను ఎగిరి ఇసకలో పడింది.
"ఏటెతుకుతన్నావు బావూ?" అంది పోలమ్మ.
"పిన్ను."
"ఎంతుంటాది?"
"ముక్కుపుడకంత."
ఆవిడ చెయ్యి తన ముక్కు మీదికి పోయింది.
తట్ట దించి మోకాళ్ళ మీద కూచుంది.
ఆరుగురు ఆడవాళ్ళు సన్నకంటి వలముక్కతో
ఆ చోటంతా జల్లించారు.
గవ్వలొచ్చాయి, పీతపిల్లలొచ్చాయి,
ఎవరిదో పాత బొత్తాం వచ్చింది.
చివరికి స్టెప్నీ పిన్ను పీకి పెట్టాం.
అప్పటికే ఐసు నీరై, చందువల కళ్ళు మసకబారి
పలాసలో షావుకారు ధర సగానికి కోశాడు.
పోలమ్మ నన్నేమీ అనలేదు.
అంటే బాగుండేది.

బెహరా తిరిగొచ్చాడు, మూతి తుడుచుకుంటూ.
"ఇత్తడి వాటికీ ఉప్పుగాలి పడదు.
వారానికోసారి విప్పి, కిరసనాయిల్లో కడిగి
గేజీతో సరిచూసుకో.
పోయేటప్పుడు ఖాళీ బండి, వచ్చేటప్పుడు చేపల బరువు.
రెంటికీ ఒకే లెక్క పెట్టావంటే రిమ్ము నేలకానుతుంది."
"వాయిదాలిస్తావా?"
"రెండు."
అంతే బేరం.

మర్నాడు తెల్లారకట్ల ఇసక అంచున బండి ఆపి
నాలుగూ బిగించి, చేతులు ఖాళీగా నిలబడ్డాను.
నాలుగు పాముల బుస.
అలవాటుకొద్దీ లోపల లెక్క నడుస్తూనే ఉంది.
ముందువి రెండూ టక్కున ఆగాయి.
వెనక కుడిది ఆగింది.
వెనక ఎడమది ఆగదే!
ఉరికి, వేళ్ళతో తిప్పి లాగేశాను.
గేజీ పెడితే పద్నాలుగు.

"కొత్తది కదేటి?" అంది పోలమ్మ, తట్ట మీద చెయ్యేసుకుని.
"కొత్తదే. దీనికి ఎక్కడ ఆగాలో తెలీదు."
"మా మరిదిలాగ" అంది.
ఆరుగురూ నవ్వారు.

టైర్లు రొట్టెల్లా పరుచుకుని
బండి మునగకుండా నీళ్ళ దాకా పోయింది.
ఆ స్ప్రింగు సంగతి శనివారం బెహరాతో తేల్చుకోవాలి.
తాళంచెవి ఇంకా మొలతాడుకే ఉంది.